పన్నెండేళ్ల దాకా ఫస్ట్ క్లాస్, ఆ తర్వాత పాస్ మార్కులు: ఒక క్రైస్తవ పేరెంటింగ్ కోర్సు రివ్యూ

మార్కులు ముందే చెప్పేస్తాను: ఐదుకి మూడున్నర. చిన్నపిల్లల భాగం వరకే అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. టీనేజ్ భాగానికి రెండు ఇవ్వడానికే చెయ్యి రాలేదు. కాకపోతే అందులో ఒక్క పాఠం ఉంది, దానికోసం మిగతావన్నీ భరించొచ్చు. ఏ పాఠమో చెబుతాను.

ముందు నా సంగతి. నేను పాస్టర్ గారబ్బాయిని. పిల్లల పెంపకం మీద ప్రసంగాలు ఉగ్గుపాలతో పాటే తాగినవాణ్ణి. "అయ్యగారబ్బాయివి అయ్యుండి..." అని మొదలయ్యే మాటలు ఎన్ని పడ్డానో లెక్కలేదు. ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు నవ్వకూడదో సంఘమంతా కలిసి నేర్పింది. ఇప్పుడు నాకు పదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి చదివే అబ్బాయి. కోర్సులో చేరదామన్నది మా ఆవిడ. వెనక బెంచీలో కూర్చుని వచ్చేద్దామనుకుని వెళ్తే, వెనక బెంచీలన్నీ అప్పటికే తండ్రులతో నిండిపోయి ఉన్నాయి.

కోర్సు పేరు, సంఘం పేరు రాయను. పాఠాలు చెప్పేవాళ్లు ప్రతి ఆదివారం ఎదురుపడే మనుషులు. పైగా ఇదే మూసలో చాలా సంఘాలు కోర్సులు నడుపుతున్నాయి కాబట్టి నేను చెప్పేది మీ దగ్గరి కోర్సుకీ పనికొస్తుంది. మొత్తం 12 పాఠాలు. అరగంట వీడియో, తర్వాత గుంపులుగా చర్చ, చివర్లో ప్రార్థన. వర్క్‌బుక్‌లు రెండు, పసిపిల్లల నుంచి పన్నెండేళ్ల దాకా ఒకటి, ఆ పైన ఒకటి.

మొదటి వర్క్‌బుక్ నిజంగా బాగుంది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయాన్ని పట్టుకుని దాని చుట్టూ మొత్తం అల్లారు. "ఇంట కూర్చుండునప్పుడును, త్రోవను నడుచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును" దేవుని మాటల గురించి మాట్లాడమంది కదా, ఆ నాలుగు సందర్భాలకీ నాలుగు రకాల పనులు ఇచ్చారు. దారిలో నడిచేటప్పుడు పిల్లలే ప్రశ్న వేయాలి, మీరు రెండు వాక్యాల్లో జవాబు చెప్పి తిరిగి ఒక ప్రశ్న వేయాలి. మూడో వాక్యం మొదలైతే అది ప్రసంగమైపోతుంది, ఆపేయండి అని అచ్చంగా రాశారు. ప్రసంగాల కింద నలిగి పెరిగిన నాకు ఆ ఒక్క లైను చదవగానే ప్రాణం లేచొచ్చింది. మావాడు వేసిన మొదటి ప్రశ్న: "నోవహు ఓడలోకి చేపలు కూడా ఎక్కాయా?" నీళ్లలో బతికేవాటికి ఓడ ఎందుకురా అన్నాను. "మరి మంచినీళ్ల చేపలు ఉప్పునీళ్లు కలిస్తే ఏమయ్యాయి?" అన్నాడు. రెండు వాక్యాల నియమం ఇలాంటప్పుడు తండ్రుల పరువు కూడా కాపాడుతుంది.

కంఠత వాక్యాలకి నక్షత్రాల పట్టిక ఉంది. అన్ని సండే స్కూళ్లలోనూ ఉండేదే. ఇక్కడ తేడా ఏంటంటే, అప్పజెప్పినందుకు ఒక నక్షత్రం, ఆ వాక్యం మీద ప్రశ్న అడిగినందుకు రెండు. మావాడు "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అని మొదలయ్యే యోహాను 3:16 ఒక్క గుక్కలో అప్పజెప్పి, రెండో గుక్కలో, "లోకము అంటే క్లాసులో నన్ను తోసేవాడు కూడానా?" అని అడిగాడు. వాడికి నక్షత్రాలు కావాలని అడిగాడో, నిజంగానే కడుపుమండి అడిగాడో చెప్పలేను. ఏదైతేనేం, ఆ రాత్రి పడుకునేముందు ఆ తోసేవాడి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. బళ్లో అలా జరుగుతోందని అప్పటిదాకా మాకు తెలియదు.

మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్, చార్లెస్ వెస్లీల తల్లి సుసన్నా వెస్లీ పాఠం కూడా చిన్నపిల్లల భాగంలోనే వస్తుంది. ఆవిడకి 19 మంది పుడితే దాదాపు సగం మందే బతికారు. ఉన్నవాళ్లలో ఒక్కొక్కరికి వారంలో ఒక సాయంత్రం కేటాయించి, వాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడేది. జాన్‌కి గురువారం, చార్లెస్‌కి శనివారం. 1712లో భర్తకి రాసిన ఉత్తరంలో ఆ పట్టిక ఉంది. పెద్దయ్యాక కూడా జాన్ ఆ గురువారాలని తలుచుకున్నాడు. ఈ పద్ధతి మేమూ మొదలుపెట్టాం, బాగానే నడుస్తోంది. అయితే వర్క్‌బుక్ ఒక సంగతి దాటేసింది. అదే తల్లి 1732లో జాన్‌కి తన పెంపకం గురించి వివరంగా రాస్తూ, ఏడాది నిండేసరికే పిల్లలకి బెత్తమంటే భయం, ఏడిస్తే మెల్లగా ఏడవడం నేర్పానని చెప్పింది. భక్తురాలి జీవితంలోంచి మనకి నచ్చిన సాయంత్రాలు తీసుకుని, నచ్చని బెత్తాన్ని చాప కిందకి తోసేయడం ఏం పద్ధతి? రెండూ ముందు పెట్టి, ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో చర్చించమంటే తల్లిదండ్రులకి ఇంకా పనికొచ్చేది.

బెత్తం గురించిన పాఠం విడిగా ఉంది, అది సగం సగం. "బెత్తము వాడని తండ్రి తన కుమారునికి విరోధి" అన్న సామెతలు 13:24 దగ్గర వీడియో మొదలై అక్కడే తిరుగుతూ ఉంటుంది. దాన్ని కాపాడింది చర్చ నడిపిన అన్న. ఎఫెసీయులకు 6:4 తీయించాడు: "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక..." పౌలు ఈ మాట రాసిన కాలంలో రోమా చట్టం ప్రకారం ఇంటి పెద్దకి పిల్లల మీద ఉన్న అధికారం అంతా ఇంతా కాదు, పెద్దవాళ్లయ్యాక కూడా వాళ్లు ఆ చేతి కిందే ఉండాలి. అలాంటి తండ్రికి ఉత్తరం రాసి, నీ చెయ్యి అదుపులో పెట్టుకో అన్నాడంటే, ఆ రోజుల్లో విన్నవాళ్లకి అది ఎంత కొత్తగా ఉండి ఉంటుందో అన్నాడు. మా గుంపులో ఒక పిల్లల డాక్టరమ్మ ఉంది. కొట్టి పెంచడం వద్దని 2018లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ స్పష్టంగా చెప్పిందని, స్వీడన్ అయితే 1979లోనే తల్లిదండ్రులు కొట్టడాన్ని చట్టంతో నిషేధించిందని ఆవిడ చెబితే, వెనక బెంచీల్లో గుసగుస మొదలైంది. వీడియోలో ఇవేవీ లేవు. అంటే మీ గుంపులో డాక్టరమ్మ లేకపోతే మీకు సగం పాఠమే అందుతుందన్నమాట.

ఇక నాకు నచ్చనివి.

వర్క్‌బుక్ అట్ట మీద సామెతలు 22:6 వేశారు: "బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము, వాడు పెద్దవాడైనప్పుడు దానినుండి తొలగిపోడు." వేసుకోవచ్చు, మంచి వాక్యమే. కానీ ఐదో పాఠంలో దాన్ని గ్యారంటీ కార్డులా వాడారు. ఇలా ఇలా చేస్తే పిల్లలు తప్పిపోరు, తప్పిపోయారంటే మీరెక్కడో సరిగ్గా నేర్పలేదు. మా గుంపులో కోడలితో పాటు వచ్చే ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ కొడుకు సంఘం వదిలేసి చాలా కాలమైంది. ఆ వీడియో నడుస్తుండగా ఆవిడ వర్క్‌బుక్ మూసి, సంచిలో పెట్టుకుని, చివరిదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అంతమంది ముందు ఆవిడని అలా కూర్చోబెట్టే హక్కు ఆ వీడియోకి ఎవరిచ్చారు?

సామెతలు జ్ఞానం చెప్పే మాటలు, లోకం మామూలుగా ఎలా నడుస్తుందో చెబుతాయి. వాటిని దేవుడు రాసిచ్చిన బాండు పేపర్లుగా చదివితే మిగతా బైబిలే ఒప్పుకోదు. కొడుకుల దుర్మార్గం వల్ల యాజకుడు ఏలీ ఇంటి మీదకి రాబోయే తీర్పుని చిన్నతనంలోనే విని, ఆయనకి చెప్పాల్సివచ్చినవాడు ప్రవక్త సమూయేలు. అలాంటి సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా లంచాలు మేశారు (1 సమూయేలు 8). ఏలీ తన కొడుకుల్ని అడ్డుకోలేదని వాక్యం తప్పుపట్టింది, సమూయేలుని మాత్రం ఆ విషయంలో ఒక్క మాట అనలేదు. అంతదాకా ఎందుకు, "నేను పిల్లలను పెంచి గొప్పవారినిగా చేసితిని, వారు నామీద తిరుగబడియున్నారు" అని యెషయా మొదటి అధ్యాయంలో అంటున్నది ఎవరు, దేవుడే కదా? ఆయన పెంపకంలో లోపముందని ఐదో పాఠం చెప్పగలదా?

టీనేజ్ భాగం మొదటి వీడియో ఫోన్ మీద. అన్నిటికంటే పొడుగైనది అదే, సరుకు తక్కువైనదీ అదే. చివర్లో ఒక ఒప్పంద పత్రం ఇచ్చారు, ఇంటికెళ్లి పిల్లలతో సంతకం పెట్టించమన్నారు. మా అమ్మాయి కాయితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివింది, తిప్పి వెనక కూడా చూసింది. "ఇందులో నా సంతకానికే చోటుంది. మీ ఇద్దరూ సాక్షులట. మరి ఒప్పందం ఎవరితో?" అంది. దాని పక్కన కూర్చుని నేనూ చదివాను. రాత్రి ఫోన్ గది బయట పెట్టాలి, పాస్‌వర్డ్ చెప్పాలి, ఇలా నియమాలన్నీ పిల్లలకే. పెద్దవాళ్లు చేస్తామన్నది ఒక్కటీ లేదు. చివరికి అదే పెన్ను తీసుకుని కింద ఇంకో రెండు లైన్లు గీసి, మా పేర్లు రాసి, "పై నియమాలు ముగ్గురికీ వర్తిస్తాయి" అని చేర్చింది. ఇప్పుడు రాత్రిపూట మూడు ఫోన్లూ హాల్లోనే ఉంటున్నాయి. కోర్సు ఇచ్చిన కాయితం కంటే పదో తరగతి పిల్ల దిద్దిన కాయితం మెరుగ్గా పనిచేస్తోంది.

తెల్లవారుజామున కుటుంబ ప్రార్థన గురించి ఒక పాఠం. లేవలేని టీనేజర్లకి "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అన్న వాక్యం చూపించమన్నారు. యవ్వనంలోకి అడుగుపెట్టిన పిల్లల ఒంట్లో నిద్ర గడియారమే వెనక్కి జరుగుతుంది. తొందరగా పడుకోమన్నా నిద్ర పట్టదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణులు 2016లోనే చెప్పారు. రాత్రి ట్యూషన్, హోంవర్క్ అయ్యేసరికి ఎంతవుతుందో అందరికీ తెలుసు. తెల్లవారుజాము కాకపోతే దేవుడు వినడా? మేం రాత్రికి మార్చుకున్నాం.

అమ్మాయిలకీ అబ్బాయిలకీ విడివిడిగా పెట్టిన పవిత్రత పాఠం గురించి ఎక్కువ రాయబుద్ధి కావట్లేదు. భయపెట్టారు, పంపించేశారు.

దానికంటే పెద్ద లోపం ఇంకోటుంది. 12 పాఠాల్లో ఎక్కడా పిల్లల రక్షణ గురించి ఒక్క మాట లేదు. ఒంటి మీద ఎవరు చెయ్యి వేయొచ్చు, ఎవరు వేయకూడదు, ఎవరైనా "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అంటే ఏం చేయాలి, ఇవి నర్సరీ నుంచే నేర్పాల్సిన విషయాలు. "పెద్దల మాట వినండి" అని పాఠాలకి పాఠాలు చెప్పే కోర్సు, వినకూడని పెద్దలు కూడా ఉంటారని చెప్పకపోతే ఎలా? ఆ పెద్దలు సంఘంలోనే ఉండొచ్చని కూడా చెప్పాలి. సండే స్కూల్ గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒక్క పిల్లని ఒక్క మనిషితో తలుపేసి వదలకూడదు. ఇంత చిన్న నియమానికి వీడియో కూడా అక్కర్లేదు, వర్క్‌బుక్‌లో ఒక పేజీ చాలు. పాస్టర్ ఇంట్లో పుట్టినవాడిగా చెబుతున్నాను, "మనవాళ్లలో అలాంటివాళ్లు ఉండరు" అనే మాట మీద ఏ సంఘమూ ఆధారపడకూడదు.

ఇప్పుడు ఆ ఒక్క పాఠం, తొమ్మిదోది. వీడియో పాడైందో, కావాలనే ఆపారో, ఆ రోజు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ నేరుగా చెప్పారు. అందరూ టీచరమ్మగారనే పిలుస్తారు. లూకా 2వ అధ్యాయం 41 నుంచి చదివించారు. నాలుగు సువార్తల్లోనూ యేసు బాల్యానికీ పెద్దరికానికీ మధ్యనున్న సంగతి ఇదొక్కటే. యెరూషలేములో పండగ చూసుకుని తిరిగొస్తున్నారు, యేసు అప్పుడు పన్నెండేళ్లవాడు. పిల్లవాడు వెంట లేడని తల్లిదండ్రులకి ఒక రోజు ప్రయాణమయ్యాక తెలిసింది. మూడు దినాల తర్వాత దేవాలయంలో దొరికాడు. "కుమారుడా, మమ్మును ఎందుకీలాగు చేసితివి?" అని అడిగితే ఆయనొక జవాబు చెప్పాడు, ఆ జవాబు వాళ్లకి అర్థం కాలేదని 50వ వచనం రాసింది.

"అర్థం కాలేదు కదా, అప్పుడు మరియమ్మ ఏమంది?" అని అడిగారు టీచరమ్మగారు. అందరూ బైబిల్లో వెతుక్కుంటున్నారు. "వెతక్కండి, లేదు. ఏమీ అనలేదు. మనసులో పెట్టుకుంది. పిల్లవాడు వాళ్లతో ఇంటికొచ్చి లోబడే ఉన్నాడు. మీకు అర్థంకాని జవాబు చెప్పిన ప్రతి పిల్లా తిరగబడినట్టు కాదు."

తర్వాత భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఒకరు పదహారేళ్ల పిల్ల, ఇంకొకరు తల్లి లేదా తండ్రి. పిల్ల అనాల్సిన మాట: "నాకు ఆదివారం చర్చికి రావాలని లేదు." పెద్దవాళ్లు వాక్యం ఎత్తకూడదు, "మా రోజుల్లో" అనకూడదు, పక్కింటి పిల్లల పేరు తేకూడదు, అడగాలి, వినాలి. ఒక సంఘ పెద్ద ఊపిరి కూడా తీసుకోకుండా, సమాజంగా కూడడం మానొద్దని చెప్పే హెబ్రీయులకు 10:25 అందుకున్నాడు. ఇంకో తండ్రి చాలా ఓపిగ్గా, "సరే తల్లీ, రావద్దు. ఫోన్ ఇలా ఇచ్చి పడుకో" అన్నాడు. గది గదంతా నవ్వు. అన్నీ పోగొట్టుకుని కూర్చున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు నోరు తెరవకుండా కూర్చున్న ఏడు రోజులే వాళ్లు చేసిన మంచిపని అన్నారు టీచరమ్మగారు.

మా వంతు వచ్చింది. ఎందుకు రావాలని లేదమ్మా అని అడిగి ఊరుకున్నాను. మా ఆవిడ కాసేపు ఆగి, "పాటలప్పుడు అందరూ కళ్లు మూసుకుని ఏడుస్తారు. నాకు ఏడుపు రాదు. నటించాలా?" అంది. ఆ మాట తను అప్పటికప్పుడు కల్పించింది కాదని నాకు తెలిసిపోయింది. అది మా అమ్మాయి మాట, ఎప్పుడో వాళ్లమ్మతో అని ఉంటుంది. సంఘంలో నటించడమనే సబ్జెక్టులో చిన్నప్పుడు నేనే క్లాస్ ఫస్టు, కాబట్టి ఆ ప్రశ్న బరువేంటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. నటించక్కర్లేదని ఆ వారమే అమ్మాయికి చెప్పాను. "మరి తాతయ్య చూస్తే?" అంది. చూడనీ అన్నాను.

అమెరికాలో 2000ల మొదట్లో క్రిస్టియన్ స్మిత్ అనే సామాజికవేత్త ఆధ్వర్యంలో టీనేజర్ల మతజీవితం మీద పెద్ద జాతీయ అధ్యయనం జరిగింది. పిల్లల విశ్వాసం మీద అందరికంటే ఎక్కువ ప్రభావం తల్లిదండ్రులదేనని అందులో తేలిందని ఎనిమిదో పాఠం వీడియోలో గర్వంగా చెప్పారు. నిజమే. కానీ అదే అధ్యయనంలో, చాలామంది పిల్లలు తాము నమ్మేదేమిటో సొంత మాటల్లో చెప్పలేకపోయారని కూడా ఉంది. ఆ ముక్క చెప్పలేదు. ఇంట్లో వాళ్ల చేత మాట్లాడించినవాళ్లు లేకపోతే ఎలా చెబుతారు? తొమ్మిదో పాఠాన్ని మొదటి పాఠంగా పెట్టి ఉంటే మిగతా టీనేజ్ భాగం రూపమే మారిపోయేది.

దిగులుతో కుంగిపోయే పిల్లల గురించి పదో పాఠంలో ఒక పేజీ మాత్రమే ఉంది, కానీ మంచి పేజీ. బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాని దేవదూత మందలించలేదు, ప్రార్థన తగ్గిందని అనలేదు. రెండుసార్లు లేపి తిండీ నీళ్లూ ఇచ్చాడు, మధ్యలో పడుకోనిచ్చాడు. ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి, అది అవిశ్వాసం కాదు అని సూటిగా రాశారు. ఎవరు రాశారో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

ఇంకో ఇబ్బంది, కోర్సంతా అమ్మానాన్నా ఇద్దరూ విశ్వాసులై, ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నట్టే నడుస్తుంది. ప్రతి పేజీ కిందా "తండ్రి సంతకం" అని గీత. ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న ఒక చెల్లెమ్మ ఆ గీత మీద ప్రతివారం తన పేరే రాసింది. తన శిష్యుడు తిమోతికి విశ్వాసం ఎక్కడినుంచి వచ్చిందో పౌలు చెప్పినప్పుడు అవ్వ లోయి, తల్లి యునీకే పేర్లే రాశాడు. తండ్రి గ్రీసు దేశస్థుడని మాత్రం అపొస్తలుల కార్యములలో ఉంది. ఆ ఇంటికి ఈ వర్క్‌బుక్ ఇస్తే వాళ్లేం చేసేవాళ్లు?

సేవల విషయానికొస్తే, పాఠం జరిగేంతసేపూ చిన్నపిల్లల్ని చూసుకునే గది ఉంది, బాగా నడిపారు. వాట్సాప్ గ్రూపు మాత్రం మ్యూట్‌లో పెట్టుకోండి.

పిల్లలు పన్నెండేళ్లలోపు వాళ్లయితే మారుమాట లేకుండా చేరండి. టీనేజర్లుంటే తొమ్మిదో పాఠం ఎవరు చెబుతున్నారో కనుక్కుని చేరండి. వీడియోనే వేస్తామంటే మొదటి వర్క్‌బుక్ ఒక్కటీ అడిగి తెచ్చుకుంటే చాలు. పిల్లల రక్షణ పేజీ, సంతకాల గీత, ఫోన్ ఒప్పందం, ఈ మూడూ ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసిచ్చాను, మా అమ్మాయి దిద్దిన కాయితం జిరాక్సు కూడా జతచేశాను. వచ్చే బ్యాచ్‌కి చూస్తామన్నారు. మారిస్తే ఇక్కడికొచ్చి ఇంకో అర నక్షత్రం కలుపుతాను.